చస్తేనే అచ్చేస్తారా?

ఆదివారం పేపరు సోమవారం దాకా మా బడి స్టాఫ్‌రూంలో నలుగుతూనే ఉంటుంది. పెళ్లి ప్రకటనల పేజీ నేనూ చూస్తాను. కులానికో గడి. గోత్రం, నక్షత్రం, ఎత్తు, రంగు, జీతం, అమెరికా వీసా. ఇద్దరు మనుషులు ఒకరికొకరు నచ్చారన్న మాట ఒక్కచోటా ఉండదు. అక్కడక్కడ 'కులపట్టింపు లేదు' అని పెద్దమనసు చూపిస్తారు. ఆ పక్కనే 'ఎస్సీ, ఎస్టీలు మినహా'! ఇదీ వాళ్ల పెద్దమనసు.

అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ అనే పేపరుంది. అదీ ఒకప్పుడు ఎక్కువగా డబ్బున్నోళ్ల పెళ్లిళ్లే వేసేది. 1992 నుంచి ఒక్కో జంట కథ వేయడం మొదలుపెట్టింది. ఎక్కడ కలిశారు, ముందు ఎవరు నోరు విప్పారు, ఎవరలిగారు అన్నీ రాస్తారు. 2002 నుంచి ఆడా ఆడా, మగా మగా కలిసి బతికే జంటల కబుర్లూ వేస్తోంది. ముక్కూ మొహం తెలియనివాళ్ల కథ జనం ఎందుకు చదువుతారు? మనలాంటి మామూలు మనిషిని ఇంకొకరు కోరుకున్నారన్న కబురు ఎవరికైనా తీపే గనక.

మన జంటలకు కథల్లేవా? కోతల కాడ, కాలేజీ బస్సులో, హాస్టల్ గేటు ముందు ఎన్ని మొదలు కాలేదు! కానీ మన ప్రేమ పేపరుకెక్కాలంటే నెత్తురు కారాలి. మిర్యాలగూడ ప్రణయ్, అమృత బడి రోజుల నుంచి ఎరిగినవాళ్లు. 2018 జనవరిలో పెళ్లాడారు. సెప్టెంబర్ 14న ఆసుపత్రి బయట ప్రణయ్‌ను నరికించారు. అప్పుడు పెద్ద వార్త! 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మళ్లీ పెద్ద వార్త! వాళ్లు కలిసి నవ్విన రోజుల్లో ఈ పేపర్లు ఎక్కడున్నాయి?

కులం దాటినవాళ్లకు సర్కారు వేసే పెళ్లి ప్రకటన ఒకటుంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఆఫీసులో 30 రోజులు వేలాడే నోటీసు. అది శుభలేఖ కాదు, కత్తి పట్టుకు తిరిగేవాడికి చిరునామా.

కులం పోవాలంటే కులాంతర వివాహమే అసలు మందని బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లోనే రాశారు. ఆ మందు పుచ్చుకుని బతికినవాళ్లు లేరా? ఉన్నారు. పిల్లల్ని కని, రేషన్ కార్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతూ, కొట్లాడుకుంటూ, కలిసి తింటూ ఉన్నారు. వాళ్ల సంగతి మన పిల్లలకు చెప్పేదెవరు? చావు వార్తలే చదివిన పిల్లలకు ప్రేమంటే చావే గుర్తొస్తుంది. పై కులాలోళ్లకు కావలసిందీ అదే.

అన్నలారా, అక్కలారా! మన పెళ్లి కబుర్లు మనమే అచ్చేసుకుందాం. ప్రమాదముంటే పేరొద్దు, ఊరొద్దు. ఎట్లా కలిశారు, ముందు ఎవరడిగారు, ఆ రాత్రి మీకు తలుపు తీసిందెవరు? అది చెప్పండి చాలు. రాయడం రాకపోతే మన కార్యకర్తకు చెప్పండి, రాసుకుంటాడు.

జై భీమ్!