పాత కారుకు డీజిల్ ఇంజను అవసరమా?

పిల్లలూ! మీ ఊళ్ళో వయసు మళ్ళిన మెకానిక్కులను అడిగి చూడండి. పాత జీపులోంచి, అంబాసిడర్ కారులోంచి పెట్రోలు ఇంజను దింపేసి డీజిల్ ఇంజను బిగించిన సంగతులు ఎన్నో చెబుతారు. అనంతపురం వంటి కరువు సీమలో ఖర్చు తగ్గుతుందంటే వద్దనేవారెవరు? అమెరికాలో కూడా, 1960లలో వచ్చిన ‘మజిల్ కార్ల’లోని భారీ పెట్రోలు ఇంజన్లు తీసి డీజిల్ ఇంజన్లు పెట్టేవారున్నారు. మరి ఈ మార్పు మంచిదేనా? బండి చేయవలసిన పనేమిటో లెక్క చూసుకోకుండా ఇంజను మార్చకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు రెండు ఇంజన్లకూ తేడా తెలుసుకుందాం. పాతకాలపు పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం సిలిండరులోకి వస్తుంది. పిస్టను దాన్ని సుమారు ఎనిమిదో వంతుకు నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వతో అంటిస్తుంది. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. లోపలికి వచ్చేది గాలి ఒక్కటే. పిస్టను దాన్ని దాదాపు ఇరవయ్యో వంతుకు నొక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూశారా? వెచ్చగా ఉంటుంది. ఇక్కడా అదే సూత్రం. నొక్కిన గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. ఎక్కువగా నొక్కడం వల్ల ఇంధనంలోని శక్తి ఎక్కువగా పనికి వస్తుంది. రుడాల్ఫ్ డీజిల్ తయారుచేసిన ఇంజనును 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గులో పరీక్షించినప్పుడు, ఇంధన శక్తిలో 26 శాతం పనిగా మారింది. నాటి ఆవిరి యంత్రాల కన్నా అది ఎంతో మేలు.

అయితే అంత ఒత్తిడిని తట్టుకోవాలంటే ఇంజను గట్టిగా, బరువుగా ఉండాలి. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 1978 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లకు 5.7 లీటర్ల డీజిల్ ఇంజను తెచ్చింది. తమ పెట్రోలు ఇంజను నమూనానే దానికి ఆధారంగా తీసుకున్నారు. సిలిండర్లుండే దిమ్మెను దృఢపరచారు గాని, పైనున్న హెడ్డును పట్టి ఉంచే బోల్టుల అమరికను మార్చలేదు. ఆ ఒత్తిడికి బోల్టులు సాగాయి, గాస్కెట్లు పోయాయి. 1985తో ఆ ఇంజన్ల కథ ముగిసింది. పెద్ద కంపెనీకే ఇలా జరిగితే, వీధి చివరి షెడ్డులో ఎంత జాగ్రత్త పడాలో ఆలోచించండి.

మన దేశంలో హిందుస్తాన్ మోటార్స్ 1980 ప్రాంతంలో డీజిల్ అంబాసిడర్ తెచ్చింది. అప్పటి పెట్రోలు, డీజిల్ ఇంజన్లు రెండూ 1489 ఘనపు సెంటీమీటర్లవే. పెట్రోలుది సుమారు 50 అశ్వశక్తి. డీజిల్‌ది 40 కూడా లేదు. అయినా టాక్సీవాళ్ళు దాన్ని ఇష్టపడ్డారు. వారికి కావలసింది వేగం కాదు, తక్కువ ఖర్చుతో రోజంతా తిరగడం. బావుల మీద గంటల తరబడి నీళ్ళు తోడడానికి, గుత్తి షెడ్డు రైలింజన్లు బరువైన గూడ్సులు లాగడానికి డీజిల్ తగినది కూడా ఇందుకే. పనికి తగిన ఇంజను అంటే అదీ!

ఇప్పుడొక లెక్క చేద్దాం. ఒక పాత కారు 1000 కిలోమీటర్లకు 100 లీటర్ల పెట్రోలు తాగుతుందనుకోండి. డీజిల్ అయితే 70 లీటర్లు చాలు. పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిల్ 100 రూపాయలు అనుకుంటే, 11,000 ఖర్చయ్యే చోట 7,000 అవుతుంది. మిగులు 4,000. ఇంజను మార్చడానికి లక్ష రూపాయలైతే, అది తిరిగి రావడానికి 25,000 కిలోమీటర్లు తిరగాలి. రోజుకు 100 కిలోమీటర్లు తిరిగే టాక్సీకి 250 రోజులు చాలు. పండుగలకూ పెళ్ళిళ్ళకూ మాత్రమే బయటికి తీసి, ఏడాదికి 1000 కిలోమీటర్లు నడిపే కారుకు 25 ఏళ్ళు పడుతుంది!

ఖర్చు అంతటితో ఆగదు. ఇంజను బరువెక్కితే ముందు స్ప్రింగులు, బ్రేకులు దానికి తగ్గట్టు ఉండాలి. డీజిల్ ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది కనుక గేర్ల నిష్పత్తి మారాలి. మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి, రేడియేటరు సరిపోవాలి. వీటిని వదిలేసి ఇంజనును మాత్రం మారిస్తే, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

ఇక పొగ మాట. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు, లీటరు డీజిల్ మండితే 2.7 కిలోలు వెలువడతాయి. మన లెక్కలో పెట్రోలుకు 230 కిలోలు, డీజిల్‌కు 189 కిలోలు. ఇక్కడ డీజిల్‌దే పైచేయి. కాని పాత డీజిల్ ఇంజను నల్లటి మసిని కక్కుతుంది. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది. డబ్బు యజమానికి మిగులుతుంది. మసి మాత్రం బడికి నడిచి వెళ్ళే మీ ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఈ ఖర్చును ఎవరి పద్దులో రాయాలి?

చట్టం సంగతీ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంజను మార్చాలంటే రవాణా అధికారుల అనుమతి తీసుకోవాలి.

మెకానిక్కుల నేర్పును నేను తక్కువ చేయడం లేదు. సైన్సు పుస్తకంలో ఉన్నది వారి చేతుల్లో ఉంది. ఆ నేర్పుకు కాగితం మీది లెక్క తోడైతే మరింత మేలు. రోజూ తిరగని పాత కారుకు దాని పెట్రోలు ఇంజనునే బాగుచేయించి ఉంచుకోవడం మంచిదని నేనంటాను. మీరేమంటారు? మీకు తెలిసిన ఒక పాత బండి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో కనుక్కుని, పై లెక్క మీరే చేసి చూడండి.