చేయని ప్రమాణమునకు శిక్ష

పసిఫిక్ మహాసముద్రములో అమెరికా యేలుబడి క్రిందనున్న సైపాన్ అను చిన్న దీవిలో, 2024 జూన్ 26వ తేదీ ఉదయమున, జూలియన్ అసాంజ్ న్యాయాధిపతి యెదుట నిలిచి, దేశరక్షణకు సంబంధించిన పత్రములను సంపాదించి వెల్లడించుటకు కుట్ర చేసినట్లు ఒకే యొక నేరమును ఒప్పుకొని, లండన్‌లోని బెల్‌మార్ష్ కారాగారమున అప్పటికే గడపిన 62 నెలలనే శిక్షగా పరిగణింపజేసికొని, ఆ సాయంకాలమునకే స్వదేశమగు ఆస్ట్రేలియా చేరుకొనెను. ఒక మనుష్యుడు చెరనుండి బయటపడెనని నాడు లోకమునందలి పత్రికలు సంతోషించినవి, సంతోషింపదగినదే. కాని అతనిని బంధించిన వాదము మాత్రము అట్లే నిలిచియున్నది. రహస్యపత్రములను ఇమ్మని యడిగి, దొరకినవానిని ప్రచురించుట గూఢచర్యమగునను ఆ వాదము, ఏ పై న్యాయస్థానముచేతను పరీక్షింపబడకయే, అలసిపోయిన యొక ముద్దాయి యంగీకారముచే ముద్ర వేయించుకొని, రాబోవు ప్రభుత్వముల చేతికి అందుబాటులో నున్నది.

అతనిపై మోపిన అభియోగములు 18. అందు 17 గూఢచర్య చట్టము క్రిందివి. మిగిలిన యొక్కటి కంప్యూటరులోనికి అక్రమముగా చొరబడుటకు తోడ్పడ జూచెనన్నది. అన్నియు రుజువైనచో 175 సంవత్సరముల చెర. ఇంతకును అతని సంస్థయగు వికీలీక్స్ 2010లో వెలువరించినది ఏమి? అందొకటి, 2007 జూలైలో బాగ్దాద్ నగరముపై తిరుగుచుండిన అమెరికా సైనిక హెలికాప్టరునుండి తీయబడిన చలనచిత్రము. క్రింద వీథిలో నున్న జనముపై గుండ్లు కురిపించి పదిమందికి పైగా చంపిన ఆ దృశ్యములో రాయిటర్స్ సంస్థకు చెందిన ఛాయాచిత్రకారుడును, అతని వాహనచోదకుడును నేలకొరిగిరి. ఆ చిత్రమును తమకు చూపుడని రాయిటర్స్‌వారు సమాచార స్వేచ్ఛా చట్టము క్రింద సక్రమముగా అర్జీ పెట్టుకొని విఫలులైరన్న సంగతి యిచట మరువరాదు. పిదప అఫ్గాన్, ఇరాక్ యుద్ధముల దినచర్యా నివేదికలును, రాయబార కార్యాలయములనుండి వాషింగ్టన్‌కు పోయిన రెండున్నర లక్షల తంతివార్తలును క్రమముగా వెలుగు చూచినవి. వానిని అందించిన సైనికోద్యోగి చెల్సియా మానింగ్‌కు 2013లో 35 ఏండ్ల శిక్ష పడినది. 2017లో అధ్యక్షుడు ఒబామా తగ్గింపగా ఆమె విడుదలయ్యెను. హెలికాప్టరులోనుండి కాల్చినవారిపై ఏ నేరారోపణయు జరుగలేదు.

మానింగ్‌కు పడిన శిక్ష మితిమీరినదని నా యభిప్రాయము. అయినను ఆ విచారణకొక న్యాయమైన ఆధారము కలదని యొప్పుకొనక తప్పదు. రహస్యమును కాపాడుదునని మాట యిచ్చి, ఆ మాటపై నమ్మకముంచి ప్రభుత్వము తాళపుచెవి చేతికిచ్చిన తరువాత, దానిని తప్పినవారిని, ఆ తప్పుట యెంతటి యుదాత్తాశయముతో జరిగినను, ప్రశ్నించు అధికారము ఏ ప్రభుత్వమునకైనను ఉండును. సేనల కదలికలు, సంకేత లిపులు, శత్రుదేశములో ప్రాణములకు తెగించి వార్తలందించువారి పేర్లు మున్నగునవి గుట్టుగా నుండవలసినవే. రాజ్యమునకు రహస్యమే వలదనువాడు రాజ్యమును నడపి యెరుగనివాడు. కాని పత్రికాకర్త యెవరికి ప్రమాణము చేసెను? ఏ తాళపుచెవి యతనికి ఇయ్యబడెను? అసాంజ్ ఆ దేశపు పౌరుడైనను కాడు. ఆ దేశపు కొలువులో ఒక్కనాడైనను ఉన్నవాడు కాడు. తన భాండాగారమును తాను కాచుకొనజాలక, గోడకివతల దొరకిన కాగితమును చదివి పదిమందికి వినిపించినవానిని బంధించుట, కావలి విడిచి నిద్రపోయిన తలారి తెల్లవారినపిదప ఊరివారిని కట్టివైచిన చందమున నున్నది.

ఈ గూఢచర్య చట్టము 1917లో, అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున ప్రవేశించిన రెండు నెలలకు, శత్రుదేశముల వేగులవారిని దృష్టిలో నుంచుకొని చేయబడినది. అటుపిమ్మట విస్తరింపబడిన దాని మాటలు మాత్రము వేగులవారికడ ఆగక, అనుమతి లేకుండ అట్టి పత్రము చేతబట్టిన యెవనినైనను చుట్టుముట్టునంత విశాలములు. అయినను ఆ దేశము ఒక శతాబ్దకాలము ఆ మాటలను పత్రికలపై ప్రయోగించుటకు జంకినది. 1942 జూన్‌లో, మిడ్వే యుద్ధము ముగిసీ ముగియకముందే, చికాగో ట్రిబ్యూన్ పత్రిక జపాను నౌకాదళపు ఎత్తుగడలు అమెరికాకు ముందుగనే తెలిసినవని ప్రకటించెను. అనగా జపానువారి సంకేత లిపిని అమెరికా ఛేదించినదన్న పరమ రహస్యమును ఊహించుకొనుటకు శత్రువునకు అవకాశమిచ్చెను. యుద్ధము నడుచుచుండగా ఇంతకు మించిన ప్రమాదకరమైన వెల్లడి మరియొకటి నాకు తోచదు. ఆగ్రహించిన ప్రభుత్వము గ్రాండ్ జూరీని సమావేశపరచినది. కాని రహస్యమును గూర్చి సాక్ష్యమిచ్చినచో రహస్యము మరింత బట్టబయలగునని నౌకాదళమువారు వెనుదీయగా, ఆగస్టులో ఆ వ్యవహారము అభియోగము లేకయే ముగిసినది. నిజమైన అపాయము కలిగిన తావున ప్రభుత్వము మౌనమే మేలని యెంచుకొనుటయు, పరువునకు భంగము కలిగిన తావున చట్టమును కొరడావలె ఝళిపించుటయు విచిత్రముగా లేదా?

పరువు మాట వచ్చినది గనుక పెంటగాన్ పత్రముల కథను కొంత విపులముగా చెప్పవలయును. వియత్నాం యుద్ధములోనికి తమ దేశము ఎట్లు దిగజారెనో తెలిసికొనుటకై రక్షణమంత్రి మెక్‌నమారా 1967లో వ్రాయించిన సుమారు 7,000 పుటల చరిత్రను, ఆ రచనలో స్వయముగా పాల్గొనిన డేనియల్ ఎల్స్‌బర్గ్ నకలు తీసి న్యూయార్క్ టైమ్స్ పత్రికకు అందించెను. 1971 జూన్ 13న ప్రచురణ మొదలయ్యెను. ప్రభుత్వము న్యాయస్థానములకు పరుగెత్తి దానిని నిలిపివేయించెను. జూన్ 30న, ఆరుగురు న్యాయమూర్తులు అనుకూలురును ముగ్గురు ప్రతికూలురును కాగా, సుప్రీంకోర్టు పత్రిక పక్షమున తీర్పు చెప్పెను. ఆ తీర్పును పత్రికాస్వాతంత్ర్యపు విజయధ్వజముగా కొనియాడువారు సాధారణముగా చదువక విడుచు భాగమొకటి కలదు. ప్రచురణకు ముందు అడ్డుపడరాదు గాని, ప్రచురించిన తరువాత శిక్షాస్మృతి క్రింద విచారింపవచ్చునేమో యని, గెలిపించిన న్యాయమూర్తులలోనే కొందరు ఆనాడు ఒక తలుపు తెరచియుంచిరి. 48 సంవత్సరముల పిదప అసాంజ్‌పై అభియోగపత్రము ఆ తలుపుననే లోనికి వచ్చినది.

ఎల్స్‌బర్గ్‌పైని విచారణ మరింత బోధకరము. అతనికి 115 సంవత్సరముల చెర పడదగిన అభియోగములుండెను. బోనులో నిలిచినపుడు, ఈ పత్రములను నీవేల నకలు తీసితివని అతని న్యాయవాదియే ప్రశ్నింపగా, ప్రభుత్వ న్యాయవాది అభ్యంతరము చెప్పెను. ప్రశ్న అప్రస్తుతమని న్యాయాధిపతి త్రోసివైచెను. ఏల చేసితివన్న ప్రశ్నకే చోటు లేని విచారణ, హత్య చేసినవానికి సైతము దక్కు అవకాశమును ఇతనికి నిరాకరించినది. తుదకు 1973 మేలో ఆ వ్యవహారము కొట్టివేయబడినది, ప్రజల హితమును గుర్తించి కాదు. ఎల్స్‌బర్గ్‌కు చికిత్స చేసిన మానసిక వైద్యుని కార్యాలయములోనికి అధ్యక్ష భవనపు మనుష్యులు దొంగతనముగా చొరబడిన సంగతి బయటపడుటచేత! ఆ పత్రముల ప్రచురణ దేశమునకు తీరని హాని చేయునని 1971లో సుప్రీంకోర్టులో వాదించిన ప్రభుత్వ న్యాయవాది ఎర్విన్ గ్రిజ్‌వోల్డ్, 1989లో తానే ఒక వ్యాసము వ్రాసి, ఆ ప్రచురణవలన దేశభద్రతకు హాని కలిగిన జాడ తనకెన్నడును కనబడలేదనియు, ప్రభుత్వములు మితిమీరి రహస్యముద్ర వేయుటకు ముఖ్యకారణము తమకు కలుగు ఇరకాటమేననియు ఒప్పుకొనెను. ఆ యొప్పుకోలుకు పదునెనిమిది సంవత్సరములు పట్టినను, వచ్చినందులకు ఆయనను అభినందింపవలసినదే.

అసాంజ్ చేసినదంతయు మెచ్చదగినదని నేననను. 2010లో న్యూయార్క్ టైమ్స్, గార్డియన్, లె మాండ్, డెర్ ష్పీగెల్, ఎల్ పయీస్ పత్రికలు ఆ తంతివార్తలలో సామాన్యుల ప్రాణములకు ముప్పు తెచ్చు పేర్లను శ్రద్ధగా తొలగించి ప్రచురింపగా, 2011 సెప్టెంబరులో వికీలీక్స్ మొత్తము రాశిని పేర్లతోసహా కుమ్మరించినది. దాచియుంచిన ప్రతిని తెరచు సంకేతపదము అంతకుముందే ఒక పుస్తకములో అచ్చయి, బయటివారి చేతికి చిక్కినదన్నది వారి సమాధానము. అది కొంత నిజమైనను, పరుల తప్పును చూపి తన తప్పును పెద్దది చేయుట సంపాదకధర్మము కాదు. మానింగ్ సైనిక విచారణలో, ఆ వెల్లడివలన ఫలానావాడు చంపబడెనని నిదర్శనము చూపజాలనని నష్టపరిశీలనకు నాయకత్వము వహించిన సేనానియే సాక్ష్యమిచ్చినను, సైపాన్‌లో న్యాయాధిపతి యీ నేరమునకు బాధితుడని చెప్పదగిన వ్యక్తి యెవడును లేడని ప్రభుత్వమే తెలిపినదని గుర్తుచేసినను, నా యభ్యంతరము తొలగదు. ప్రమాదము తప్పిపోవుట వేరు, ప్రమాదమును లెక్కచేయకుండుట వేరు. కాని అవివేకమైన ప్రచురణకు తగిన శిక్ష తోటి పత్రికల నిరసన, పాఠకుల అవిశ్వాసము, హాని కలిగినవారు వేసెడి దావా. గూఢచారికి విధించు శిక్ష కాదు. అతనిపైని అభియోగములు పేర్లు తొలగింపని ప్రచురణకడ ఆగినను బాగుండెడిది. రహస్యపత్రమును కోరుట, పుచ్చుకొనుట సైతము అందు నేరములుగా చేర్చబడినవి. విలేకరి వృత్తిలో అంతకంటె నిత్యకృత్యమైన పని యేమి కలదు? ఒబామా ప్రభుత్వము ఈ చిక్కును గ్రహించియే అతనిపై అభియోగము తేకుండ విడిచినది. ట్రంపు ప్రభుత్వము తెచ్చినది. బైడెన్ ప్రభుత్వము దానిని కడవరకు మోసినది.

ఇదంతయు పరదేశపు గొడవ గదాయని తెలుగు పాఠకుడు ప్రక్కకు నెట్టుటకు వీలులేదు. మన యింట అంతకంటె పదునైన కత్తి యున్నది. 1889లో అమృతబజార్ పత్రిక కాశ్మీరు సంస్థానమును గూర్చిన ప్రభుత్వ రహస్యపత్రమొకటి బయటపెట్టినది. ఆ యేటనే భారతదేశమున మొదటి అధికార రహస్యముల చట్టము వచ్చినది. కర్జను దానిని 1904లో బిగించెను. గోఖలే శాసనసభలో ఎదిరించినను ప్రయోజనము లేకపోయెను. ఇప్పటికిని అమలులోనున్నది 1923నాటి రూపము. దాని యైదవ విభాగము రహస్యమును చెప్పిన ఉద్యోగినే కాక, చట్టవిరుద్ధముగా వచ్చినదని యెరిగి పుచ్చుకొనినవానిని సైతము మూడేండ్ల చెరకు అర్హుని చేయుచున్నది. రహస్యమనగా నేమో ఆ చట్టము ఎక్కడను నిర్వచింపదు. ప్రభుత్వము ఫిర్యాదు చేసిననే గాని న్యాయస్థానము విచారణకు పూనరాదు. కోరినచో ప్రజలను వెలుపలకు పంపి విచారింపవచ్చును. నొచ్చుకొనినదియు, ఏది రహస్యమో నిర్ణయించునదియు, ఎవరిని బోనెక్కింపవలెనో ఎన్నుకొనునదియు ఒకే హస్తము.

ఆ హస్తము ఎట్లు పనిచేయునో 2002లో చూచితిమి. కాశ్మీర్ టైమ్స్ ఢిల్లీ విలేకరి ఇఫ్తికార్ గిలానీ కంప్యూటరులో దొరకిన, పాకిస్థాన్‌లో బహిరంగముగా అచ్చయి అంతర్జాలమున ఎల్లరకును లభించు వ్యాసమొకటి దేశరహస్యముగా పరిగణింపబడి, అతడు ఏడు నెలలు జైలులో నుండెను. అందు రహస్యమేమియు లేదని సైనిక నిఘావిభాగము తుదకు చెప్పిన తరువాతనే 2003 జనవరిలో ప్రభుత్వము వ్యవహారమును ఉపసంహరించుకొనెను. ఇంకొక దృష్టాంతము మన సరిహద్దుకావల నున్నదైనను చట్టము మనదే. 1923లో బర్మా బ్రిటిషు ఇండియాలో భాగము గనుక ఆ చట్టమే యచటను నిలిచిపోయినది. ఇన్ దిన్ గ్రామములో పదిమంది రోహింగ్యాల హత్యను శోధించుచుండిన రాయిటర్స్ విలేకరులు వా లోన్, క్యా సో ఊ అను నిరువురను, పోలీసులు 2017 డిసెంబరులో యాంగాన్‌లో భోజనమునకు పిలిచి కాగితములు చేతిలో పెట్టి, వెలుపలికి రాగానే పట్టుకొనిరి. మరుసటి సంవత్సరము ఏడేండ్ల శిక్ష పడెను. ఇది పన్నిన వలయని న్యాయస్థానములో నిజము చెప్పిన పోలీసు కెప్టెను శాఖాక్రమశిక్షణ తప్పెనని తానును జైలుకు పోయెను. విలేకరులిరువురును 2019 మేలో క్షమాభిక్షతో బయటపడిరి. పుచ్చుకొనుటయే నేరమైనచోట, ఇచ్చుటయే వలయగును.

2019లో రాఫెల్ విమానముల కొనుగోలును గూర్చిన రక్షణశాఖ పత్రములను ద హిందూ ప్రచురింపగా, అవి దొంగిలింపబడినవనియు, ఈ చట్టము క్రింద చర్య తీసికొనవచ్చుననియు అటార్నీ జనరల్ వేణుగోపాల్ సుప్రీంకోర్టులో పలికెను. ఏప్రిల్ 10న న్యాయస్థానము ఆ యభ్యంతరమును త్రోసివైచి, రహస్యముద్ర గల పత్రముల ప్రచురణను ఆపు అధికారమును పార్లమెంటు కార్యనిర్వాహక వర్గమునకు ఈ చట్టములో ఇయ్యలేదని చెప్పెను. శ్లాఘ్యమైన తీర్పే, అయినను 1971నాటి అమెరికా తీర్పువలెనే ఇదియు ప్రచురణను కాపాడినది గాని, ప్రచురించినవానిపై ఐదవ విభాగమును ప్రయోగింపరాదని చెప్పలేదు. న్యాయస్థానములు చేయగలిగినది ఇంతవరకే. మిగిలినది శాసనకర్తల పని.

వారి సంగతి చూతము. వికీలీక్స్ తంతివార్తలను 2011 మార్చిలో ద హిందూ వరుసగా ప్రచురించి, 2008 విశ్వాసతీర్మానమునాటి నోట్ల కట్టల ప్రస్తావనను బయటపెట్టినపుడు, ప్రతిపక్షమున నున్న భారతీయ జనతా పార్టీ వానిని చేతబట్టి పార్లమెంటును దద్దరిల్లజేసినది. అట్టి వార్తల ఉనికినైనను ధ్రువపరుపజాలమని ప్రధాని మన్మోహన్ సింగ్ బదులిచ్చెను. ఎనిమిదేండ్లకు పాత్రలు తారుమారైనవి. కాంగ్రెసు పత్రికా ప్రతులను ఎత్తిచూపగా, గద్దెమీది భాజపా దొంగతనమని కన్నెర్రజేసినది. వీటన్నిటికంటె ముందే, మొయిలీ అధ్యక్షతనున్న రెండవ పరిపాలనా సంస్కరణల సంఘము ఈ చట్టమునే రద్దు చేయుడని 2006లో సిఫారసు చేసెను. ఏ ప్రభుత్వమును దానిని అమలుపరుపలేదు. మనకీ చట్టమును అంటగట్టిన బ్రిటన్ తన 1911నాటి చట్టములోని అతివిస్తృతమైన రెండవ విభాగమును 1989లోను, మిగిలిన భాగమును 2023లోను తీసివైచినది. రద్దునకు ధైర్యము చాలకున్నచో, ఐదవ విభాగములో పుచ్చుకొనినవానిని నేరస్థుని చేయు రెండవ ఉపవిభాగమును కొట్టివేసి, ప్రజాప్రయోజనమునకై వెల్లడించితినని న్యాయస్థానములో చెప్పుకొను అవకాశమును ముద్దాయికి కల్పించుచు, రెండు వాక్యముల సవరణ తెచ్చినను సరిపోవును. రెండు పక్షములును ఆ పత్రములవలన లాభము పొందినవే గనుక, సభలో దీనిని వ్యతిరేకించుటకు ఎవరు లేతురో చూడవలయునని నాకు కుతూహలముగా నున్నది.