గొంతు మీద చెయ్యి పడిన నాడే మేలుకోవాలి

భార్యను భర్త చంపాడన్న వార్త వచ్చినప్పుడల్లా ఊళ్ళో వినిపించే మాట ఒక్కటే. "క్షణికావేశంలో చేశాడు" అంటారు. పత్రికలూ అదే రాస్తాయి. మందుకు డబ్బు ఇవ్వలేదనో, పుట్టింటికి వెళతానన్నదనో ఏదో ఒక కారణం చెబుతారు. వినేవారు అయ్యో అనుకుంటారు, నాలుగు రోజులకు మరచిపోతారు. కాని పక్కింటివారిని నెమ్మదిగా అడిగితే, ఏడాదిగానో రెండేళ్ళుగానో ఆ ఇంట్లో జరుగుతున్నదంతా బయటికి వస్తుంది. అరుపులు విన్నవారున్నారు, ఆమె మెడ మీద కమిలిన గుర్తులు చూసినవారున్నారు. "చంపేస్తాను" అన్న మాట వీధి వీధంతా విన్నది. ఆవేశం ఆ పూటది కావచ్చు గాని, దారి ఎన్నాళ్ళుగానో పడుతున్నది.

ఇటువంటి సంగతి కొల్లేటి లంక గ్రామాల వారికి వేరే చెప్పనక్కరలేదు. తమ్మిలేరు, బుడమేరు నీళ్ళు వచ్చి పడుతుంటే, ఉప్పుటేరు గుండా పోవలసినంత నీరు పోకపోతే ఏమవుతుందో వారికి తెలుసు. మట్టం జానెడు పెరుగుతుండగానే బియ్యం మూటలు, గొడ్డూ గోదా మెరకకు చేరుస్తారు. నీళ్ళు పొయ్యిలోకి వచ్చేదాకా కూర్చోరు. కాపురంలో ప్రమాదం పెరిగేటప్పుడు కూడా గుర్తులుంటాయి. వాటిని పోల్చుకోవడం మాత్రం మన ఊళ్ళు ఇంకా నేర్చుకోలేదు.

ఈ గుర్తులు ఊహాగానాలు కావు. బ్రిటన్‌లోని గ్లాస్టర్‌షైర్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ మాంక్టన్ స్మిత్ ఇటువంటి 372 హత్యలను పరిశీలించి 2019లో తన పరిశోధన ప్రకటించారు. హత్య జరిగే లోపల ఎనిమిది మెట్లు కనిపించాయని ఆమె చెప్పారు. పెత్తనం, అది సడలిందనిపించే ఒక సంఘటన, బెదిరింపులు పెరగడం, మనసులో ఒక నిర్ణయం, దానికి సన్నాహం, ఆఖరుకు హత్య వాటిలో ముఖ్యమైనవి. అనుమానం, పెత్తనం, పరువు అనే మూడింటికీ దేశభేదం లేదు. అతడు గూడెం బియ్యం మిల్లులో హమాలీ కావచ్చు, ఏలూరులో గుమాస్తా కావచ్చు, కొల్లేటి చేపల చెరువు గట్టున పాక వేసుకున్న కాపలాదారు కావచ్చు. కథ నడిచే తీరు ఒక్కటే.

మొదట అది ప్రేమలాగానే కనిపిస్తుంది. "నా భార్య ఎవరితోనూ మాట్లాడనక్కరలేదు" అంటాడు. తర్వాత ఫోను లాక్కుని చూస్తాడు. డ్వాక్రా మీటింగుకు పోవద్దంటాడు. కూలి డబ్బు తన చేతిలో పెట్టమంటాడు. పుట్టింటివారు వస్తే ముఖం చిట్లిస్తాడు. కొన్నాళ్ళకు ఆమెకు చెప్పుకునే మనిషి ఉండడు. చెయ్యి చేసుకోవడం ఈ దశలోనే మొదలవుతుంది. మర్నాడు కన్నీళ్ళు పెట్టుకుంటాడు, చీర తెస్తాడు, పిల్లల మీద ఒట్టు వేస్తాడు. ఆమె నమ్ముతుంది. కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ కొడతాడు. ఈ చక్రాన్ని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లెనోర్ వాకర్ 1979లోనే వివరించారు. చక్రం తిరిగిన కొద్దీ దెబ్బల నడుమ వ్యవధి తగ్గుతుంది, దెబ్బ పెరుగుతుంది.

నేరమంతా తాగుడు మీదికి నెట్టడం పరిపాటి. తాగుడు ఇళ్ళు కూల్చిన మాట నిజమే. అందుకే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు, 1993లో రాష్ట్రంలో సారా నిషేధమైంది. అయితే ఒక్క సంగతి ఆలోచించాలి. ఎంత తాగినా ఆ మనిషి సర్పంచి గొంతు పట్టుకోడు, అప్పిచ్చిన షావుకారును కొట్టడు. ఇంటికి వచ్చి భార్యనే కొడతాడు. మందు అదుపు తప్పించవచ్చు గాని, "ఇది నా సొత్తు, ఏమి చేసినా చెల్లుతుంది" అన్న భావం మందులో నుంచి రాదు. అది మనసులో ముందే ఉన్నది.

అన్నిటిలోకి పెద్ద గుర్తు గొంతు. గొంతు నులిమిన మనిషిని "కోపంలో పట్టుకున్నాడులే" అని వదిలేయడం ప్రాణాంతకం. కొట్టించుకుంటున్న ఇతర స్త్రీల కంటే, గొంతు నులమబడిన స్త్రీ తర్వాత హత్యకు గురయ్యే ప్రమాదం ఏడు రెట్లకు పైగా ఉన్నట్లు 2008లో ప్రచురితమైన అమెరికా పరిశోధన తేల్చింది. పైకి గాయం కనిపించకపోయినా లోపల దెబ్బ తగిలి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రిలో చూపించి, జరిగింది జరిగినట్లు రాయించాలి. 2025 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో నెలలు నిండిన గర్భిణి హతురాలైంది. గొంతు నులిమి చంపాడన్న ఆరోపణపై పోలీసులు భర్తను అరెస్టు చేశారు. నేరం తేల్చవలసింది న్యాయస్థానం. ఆ వార్త చదివిన ప్రతి ఊరూ తన వీధిలో ఇటువంటి గుర్తులున్నవేమో చూసుకోవలసి ఉన్నది.

రెండవ పెద్ద గుర్తు, ఆమె విడిచి వెళ్ళే సమయం. పుట్టింటికి వచ్చేసింది గనుక గండం గడిచిందని అందరూ అనుకుంటారు. నిజానికి అప్పుడే ఎక్కువ జాగ్రత్త అవసరం. అమెరికాలో 11 నగరాల్లో జరిపిన పరిశోధనను జాక్వెలిన్ కాంప్‌బెల్ బృందం 2003లో ప్రచురించింది. పెత్తనం చేసే భర్తను విడిచిన తర్వాతి కాలంలో ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందని అందులో తేలింది. "నాకు దక్కనిది ఎవరికీ దక్కకూడదు" అనేవాడు, "నిన్ను చంపి నేనూ చస్తాను" అనేవాడు ఉత్తినే బెదిరిస్తున్నాడని అనుకోరాదు.

మన పెద్దమనుషుల తగవు సరిగ్గా ఈ సమయంలోనే జరుగుతుంది. రామాలయం అరుగు మీద నలుగురూ కూర్చుంటారు. "ఆలుమగల కలహం అన్నం తినేవరకే, సర్దుకుపో అమ్మా" అంటారు. అతని చేత ఒక దండం పెట్టించి, అదే రాత్రి ఆమెను అదే ఇంటికి పంపిస్తారు. వారి ఉద్దేశం మంచిదే. కాపురం నిలబెట్టాలనే వారి తాపత్రయం. కాని మాట వినని మనిషిని నలుగురిలో నిలబెట్టి, ఆ అవమానం బరువంతా తలుపు వేసుకున్న ఇంట్లో ఆమె మీద పడేట్లు చేస్తున్నారని గ్రహించడం లేదు. మామూలు మాట పట్టింపులకు పనికివచ్చే సామెత గొంతు నులిమిన ఇంటికి పనికిరాదు.

భార్యల చేతిలో భర్తలు హతమైన కేసులూ లేకపోలేదు. అవీ అంతే గర్హనీయం. అయినా ఐక్యరాజ్య సమితి లెక్కల ప్రకారం 2023లో ప్రపంచంలో హతులైన స్త్రీలలో దాదాపు 60 శాతం మంది భర్త, సహచరుడు లేక కుటుంబ సభ్యుల చేతిలోనే చనిపోయారు. పురుషుల్లో అది 12 శాతం దగ్గర ఉన్నది. మన రాష్ట్రంలో 18 నుంచి 49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో సుమారు 30 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించినట్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. దేశం మొత్తం మీద ఇటువంటి హింసకు గురైనవారిలో సాయం కోరినది 14 శాతమే. మిగిలినవారిలో అత్యధికులు ఎవరికీ చెప్పుకోలేదు.

చట్టం లేకపోలేదు. 2005 గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్నది. దాని కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు, ఆమెను ఆ ఇంటి నుంచి వెళ్ళగొట్టరాదని ఆదేశించవచ్చు. ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు. ఊరివారు తెలుసుకోవలసిన మరో సంగతి ఉన్నది. భార్యే వచ్చి చెప్పాలన్న నియమం లేదు. హింస జరుగుతున్నదని, జరగబోతున్నదని నమ్మకం కలిగిన ఎవరైనా రక్షణ అధికారికి తెలియజేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు. 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112 పనిచేస్తాయి. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా స్త్రీలకు వకీలు ఉచితం.

కాబట్టి పెద్దలు తగవుకు కూర్చునే ముందు నాలుగు ప్రశ్నలు ఆమెను ఒంటరిగా అడగాలి. గొంతు పట్టుకున్నాడా? చంపుతానన్నాడా? ఎక్కడికి వెళ్ళినా వెంటపడుతున్నాడా? దెబ్బలు ఈ మధ్య పెరిగాయా? ఒక్కదానికి అవునన్నా ఆ రాత్రి ఆమెను వెనక్కు పంపరాదు. ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం నమ్మకమైన చోట ఉంచుకోమని, వెళ్ళే రోజు ముందుగా అతనికి చెప్పవద్దని ఆమెకు సలహా ఇవ్వాలి. అనుమానంతో నిద్రపట్టని మగవాడికీ దారి ఉన్నది. టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి మనసులో మాట చెప్పుకోవడం చిన్నతనం కాదు. హంతకుడై పిల్లలను అనాథలను చేయడమే చిన్నతనం.

పుట్టింటివారికి ఒక మాట. "పరువు పోతుంది, తిరిగి వెళ్ళు" అనే ముందు, ఆమె ఇక తిరిగి రాకపోతే ఆ పరువు ఏమి చేసుకుంటామో ఆలోచించాలి. చుట్టూ ఉన్నవారు ఏడాది ముందు చూసిన గుర్తును ఆనాడే గుర్తు అనుకుంటే, చాలా ఇళ్ళలో ఈ శవాలు లేచేవి కావు.