విత్తనం, రేడియో, కెమెరా: మూడూ మహిళల చేతనే

జహీరాబాద్: చదువు లేని ఆడవారికి కూలి పని తప్ప మరో దారి లేదన్న మాటను ఈ ప్రాంతపు సంఘం మహిళలు వమ్ము చేశారు. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యాన ఊరూరా సంఘాలు కట్టిన వీరిలో అధికులు దళిత కుటుంబాలవారు. ఒకప్పుడు పరుల చేలలో కూలీలు.

వీరిలో కొందరు జొన్న, కొర్ర, సామ, కంది గింజలకు బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాచి విత్తనాలు కాపాడుతున్నారు. అడిగిన రైతుకు అప్పుగా ఇచ్చి, పంట వచ్చాక గింజగానే తిరిగి తీసుకుంటారు. మరికొందరు కెమెరా పట్టి సేద్యపు సంగతులను చిత్రాలుగా తీశారు. మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న ప్రారంభమైన సంఘం రేడియోలో మాట్లాడినదీ, దానిని నడిపినదీ మహిళలే. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వీరికి లభించింది.

అయితే బహుమతితో పని ముగియలేదు. వరికి, పత్తికి ఉన్నంత అంగడి కొర్రకు, సామకు లేదు. గిరాకీ లేని పంటను రైతు వేయడు. వేయకుండా ఉంచిన విత్తనం క్రమేణా మొలక శక్తి కోల్పోతుంది. గింజను ఎంచే నేర్పు కూడా తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి రావలసినదే. పంట పోతే అదీ పోతుంది.

2013 నాటి ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలకూ చోటున్నది. కాని ఇక్కడి చౌక డిపోలో ప్రధానంగా తూచేది బియ్యమే. డిపోలోను, బడి భోజనంలోను జొన్న, కొర్రలకు చోటు కల్పిస్తే కొనుగోలు పెరుగుతుంది, సాగు నిలుస్తుంది. ఆ మహిళలకు శాలువా కన్నా అదే తగిన సన్మానం.