నూనె మారితే చాలదు... కొలతా మారాలి!

ఇంటాయనకు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని తేలగానే చాలా ఇళ్లలో ముందు మారేది నూనె ప్యాకెట్. పామాయిల్ స్థానంలో 'కొలెస్ట్రాల్ లేదు' అని రాసి ఉన్న ఖరీదైన నూనె వస్తుంది. గుండెకు మంచిదే కదా అని వంకాయ వేపుడులో ఇంకో గరిటె పడుతుంది. చిక్కంతా అక్కడే!

నిజానికి మొక్కల నుంచి తీసే ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. చూడాల్సింది సంతృప్త కొవ్వుల్ని. రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచేవి అవే. కొబ్బరినూనెలో ఇవి సుమారు 90 శాతం, నెయ్యిలో 60 శాతం, పామాయిల్‌లో దాదాపు సగం ఉంటాయి. వేరుశనగ, నువ్వులు, తవుడు, పొద్దుతిరుగుడు నూనెల్లో తక్కువ.

అలాగని వీటిలో ఒక్కదాన్నే పట్టుకోనక్కర్లేదు. పొద్దుతిరుగుడు నూనెలో ఒమేగా-6 ఎక్కువ, ఒమేగా-3 దాదాపు ఉండదు. సోయా, ఆవనూనెల్లో ఒమేగా-3 కొంత దొరుకుతుంది. అందుకే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రకరకాల నూనెలు వాడమంటుంది. తాలింపుకు నువ్వుల నూనె, కూరలకు వేరుశనగ నూనె వాడొచ్చు. మరుసటి నెల తవుడు నూనె తెచ్చుకోవచ్చు.

ఏ నూనె అయినా గ్రాముకు 9 క్యాలరీలే. పెద్దవాళ్లకు రోజుకు నాలుగైదు టీస్పూన్లు చాలు. అంటే నలుగురున్న ఇంటికి నెలకు మూడు లీటర్లు మించకూడదు. ఆవకాయలో తేలే నూనె, సాయంత్రం తినే మిర్చిబజ్జీ, వేడన్నంలో నెయ్యి... అన్నీ ఈ లెక్కలోవే. నెయ్యి వేసుకున్న పూట కూరలో నూనె తగ్గించాలి.

పిండివంటలు చేసిన నూనెను మళ్లీ మళ్లీ మరిగించకూడదు. వడకట్టి ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు వాడేయాలి. నల్లబడినా, నురగ వస్తున్నా పారబోయడమే మేలు. వనస్పతిలో ట్రాన్స్ ఫ్యాట్లు 2 శాతం మించకూడదని 2022 నుంచి నిబంధన ఉంది. అయినా సంతృప్త కొవ్వులు ఎక్కువే కాబట్టి దాన్ని దూరంగా ఉంచాలి.

ఈ నెల నుంచే ప్యాకెట్‌ను మూకుట్లోకి వంచడం మానేసి చెంచాతో కొలిచి పోసి చూడండి. తేడా నెలాఖరుకు డబ్బాలోనే కనిపిస్తుంది. ఒక్క మాట... నూనె మార్చాం కదా అని డాక్టర్ రాసిన మాత్రలు మాత్రం సొంతంగా ఆపేయొద్దు.