ఎర్రచందనమును నరికించుచున్న దెవరు?

శేషాచలము, పాలకొండలు, వెలికొండలు, లంకమల మొదలగు మన దక్షిణాంధ్ర గిరిశ్రేణులయందును వాని పరిసరములందును తప్ప లోకమున మఱెచ్చటను సహజారణ్యముగా పెరుగని ఎర్రచందనవృక్షము ఏటేట గొడ్డలిపాలగుచుండుట తెలుగువారందఱకును వ్యథ కలిగింపవలసిన విషయము. మొసలి వీపువలె బీటలువారిన బెరడుపై గాటు పడినంతనే ఎఱ్ఱని రసము స్రవించును. కూలీ యా చెట్టును పడవైచి, తెల్లని పైకొయ్యను అక్కడనే చెక్కివైచి, దశాబ్దములపాటు ముదిరి నీట మునుగునంతటి బరువెక్కిన చేవదుంగను మాత్రము భుజముపై మోసికొని చీకటిలో కొండ దిగును.

ఈ కూలీ యెవడు? పెక్కుసార్లు తమిళనాడునందలి జవ్వాదికొండల ప్రాంతమునుండి, వానలు లేక పంటలు పండక, మేస్త్రీ చేతబెట్టిన అడ్వాన్సునకు లొంగి వచ్చిన గిరిజనుడు. దుంగలను లారీల కెక్కించి, ఇతర సరకుల మాటున కంటెయినర్లలో ఓడరేవులు దాటించి, చైనాలో విలాసపు గృహోపకరణములకును, జపానులో సంగీతవాద్యములకును ఆ కొయ్య చేరునట్లు పెట్టుబడి పెట్టువాడు అడవి ముఖమైనను చూడడు.

1995లోనే ఈ వృక్షము అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణకు లోబడినది. తిరుపతి కేంద్రముగా టాస్క్‌ఫోర్సు ఏర్పడినది. 2016లో అటవీచట్టమును సవరించి శిక్షలను కఠినతరము చేసిరి. ఇవన్నియు అవసరములే. కాని 2013 డిసెంబరులో శేషాచలమున ఇరువురు అటవీ ఉద్యోగులు విధినిర్వహణలో హతులైరి. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి సమీపమున ఇరువదిమంది కూలీలు పోలీసు తూటాలకు నేలకొఱిగిరి. ఉభయపక్షములందును ప్రాణములు కోల్పోయినవారు జీతగాండ్రును కూలివాండ్రునే యని గమనించితిమా? అటుపిమ్మటను అక్రమ రవాణా ఆగలేదు.

కావున పట్టువడిన దుంగల లెక్కయు, అరెస్టయిన కూలీల లెక్కయు పత్రికల కిచ్చి తృప్తిపడుట చాలదు. ప్రతి కేసునందును దర్యాప్తు మేస్త్రీని దాటి, గోదామును దాటి, ధనము సమకూర్చినవానివఱకు సాగవలెను. నేరార్జితమైన వాని యాస్తి న్యాయస్థానముద్వారా జప్తు కావలెను. ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వములు కలిసి జవ్వాదికొండలవారికి జీవనోపాధి చూపవలెను. స్వాధీనమైన దుంగల వేలమువలన ఖజానాకు వచ్చు ధనములో కొంతభాగమును ఈ యుపాధికిని, ప్రాణములకు తెగించి అడవులు కాచు చిఱుద్యోగుల రక్షణకును కేటాయింపవలసినదిగా ప్రభుత్వమును అర్థించుచున్నాను.