గ్యాస్ చెకింగ్ పేరుతో గుమ్మంలో మోసం

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లు మా తలుపు కొట్టారు. మెళ్లో కార్డులు, చేతిలో రసీదు పుస్తకం. "గ్యాస్ చెకింగమ్మా, కంపెనీ నుంచి వచ్చాం" అన్నారు. ఏ కంపెనీ అని నేను అడగలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి రబ్బరు పైపు ఊడదీసి, మెలితిప్పి చూపించి, "ఇది ఎప్పుడైనా పగలొచ్చు. రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్సు కూడా రాదు" అన్నారు. పావుగంటలో నా చేత 900 రూపాయలు కట్టించుకుని కొత్త పైపు బిగించి వెళ్లిపోయారు. ఇరవై ఏళ్లుగా హక్కుల గురించి మాట్లాడుతున్నదాన్ని, కార్డు మీద పేరైనా చదవలేదు.

మర్నాడు పాత పైపు పట్టుకుని డీలరు దగ్గరికి వెళ్లాను. దాని మీద అచ్చు వేసిన గడువు ఇంకా రెండేళ్లుంది. "వాళ్లు మా మనుషులు కాదు" అని చెప్పి డీలరు తన పని చూసుకున్నాడు.

మా వెనక బస్తీలో ఇడ్లీ బండి నడిపే ఆవిడ ఇంటికీ వాళ్లే వెళ్లారు. "పైపు మార్చకుంటే కనెక్షన్ కట్ చేస్తమన్నరక్కా. చిట్టీ పైసలు తీసిచ్చిన" అంది. ఆ రాత్రి మొగుడు ఆమె మీద చేయి చేసుకున్నాడు. మా ఇంట్లో నా తెలివికి నవ్వి ఊరుకున్నారు. మోసం ఒక్కటే, దాని ఖరీదు మాత్రం ఇద్దరికీ ఒకటి కాలేదు.

ఇలాంటివాళ్లు మధ్యాహ్నమే ఎందుకొస్తారో మనకు తెలియనిది కాదు. 1999లో మొదలైన దీపం, 2016 నాటి ఉజ్జ్వల పథకాల్లో కనెక్షన్లు ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చారు. మంచిదే. కానీ సిలిండరంటే ఉన్న భయాన్ని కూడా వాళ్లకే వదిలేశారు. "స్టవ్ పేలింది" అన్న మాట వెనక ఎన్ని వరకట్న హత్యలు దాక్కున్నాయో ఒకప్పుడు మనమే అడిగాం. ఇప్పుడు అదే మాట చెప్పి పైపులు అమ్ముతున్నారు.

ఇది మన దగ్గరే పుట్టిన విద్య కాదు. బ్రిటన్‌లో 1990ల చివర ఇళ్లకు గ్యాసు, కరెంటు అమ్మే వ్యాపారాన్ని పోటీకి తెరిచాక ఏజెంట్లు గుమ్మం గుమ్మం తిరిగి, మా కంపెనీకి మారితే బిల్లు తగ్గుతుందని సంతకాలు పెట్టించుకున్నారు. ఇలాంటి తప్పుడు అమ్మకాలకు ఎస్.ఎస్.ఇ. అనే సంస్థకు 2013లో నియంత్రణ సంస్థ కోటీ అయిదు లక్షల పౌండ్ల జరిమానా వేసింది. గుమ్మంలో చేసుకున్న ఒప్పందాన్ని 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు అక్కడ ఉంది.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం అబద్ధం చెప్పి అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా అమ్మకందారు ఇంటికి రాకూడదని 2021 నాటి డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలూ ఉన్నాయి. కానీ అవి ఏజెంట్లను పెట్టి వ్యాపారం చేసే కంపెనీల కోసం రాసినవి. రసీదు పుస్తకం అచ్చు వేయించుకుని వీధిన పడ్డ ముఠా వాటికి దొరకదు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, నిజమే. మరి ఒక రోజు ఇడ్లీ బండి ఆపితే వచ్చే నష్టం ఎవరిస్తారు? గుమ్మంలో కొన్నదాన్ని తిప్పి ఇచ్చేసే హక్కు మనకూ కావాలి. తన పేరు వాడుకునేవాళ్ల మీద డీలరే ఫిర్యాదు ఇవ్వాలని కూడా మనం అడగాలి.

ఈలోగా ఎవరైనా చెకింగ్ అంటూ వస్తే, వాళ్లను బయటే ఉంచి గ్యాస్ పుస్తకం మీదున్న నంబరుకు ఫోన్ చేయండి. లీకు అనుమానముంటే 1906, మోసం జరిగితే 1915. మా బస్తీలో ఇప్పటికి ఏడు రసీదులు దొరికాయి. ఏడింటి మీదా ఒకే ఫోన్ నంబరు, ఎత్తే దిక్కు లేదు. పోలీసు స్టేషన్‌లో ఇచ్చాం. మీ ఊళ్లలో దొరికిన రసీదులుంటే నకళ్లు పంపండి. కొత్త పైపు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో కూడా రాయండి. నా పైపు మీద లేదు.